మీకు తెలుసా? పాత కుట్టు, మలి కాన్పు

సిజేరియన్ గురించి బాగా ప్రచారంలో ఉన్న తొలి కథల్లో ఒకటి, సిజేరియన్ తర్వాత అయిన మామూలు కాన్పుల కథ కూడా. 1500లో స్విట్జర్లాండ్‌లో యాకోబ్ నూఫర్ అనే ఆయన ఉండేవాడట. ఆడపందులకు మళ్లీ ఈనకుండా కోత పెట్టడం ఆయన వృత్తి. భార్య రోజుల తరబడి నొప్పులు పడుతుంటే, వచ్చిన మంత్రసానులంతా చేతులెత్తేస్తే, పెద్దల అనుమతి తీసుకుని ఆయనే కోసి బిడ్డను బయటికి తీశాడట. తల్లి బతికింది, బిడ్డా బతికింది. ఆ తల్లి తర్వాత కవలలతో సహా ఇంకొందరిని మామూలుగానే కన్నదని చెబుతారు. అయితే ఇదంతా కాగితం మీదికి ఎక్కింది దాదాపు 80 ఏళ్ల తర్వాత. చరిత్రకారులు పెద్దగా నమ్మరు. తర్వాతి కాన్పులు అంత సాఫీగా జరిగాయంటే, ఆయన కోసింది అసలు గర్భసంచినేనా అని వాళ్ల అనుమానం. న్యాయమైన అనుమానమే. గర్భసంచికి కుట్లు వేసే పద్ధతి అప్పటికింకా స్థిరపడలేదు.

స్థిరపడింది 1882లో. అంతకుముందు, 1876లో, ఇటలీ వైద్యుడు ఎడువార్డో పొర్రో బిడ్డను తీశాక రక్తస్రావం ఆపడానికి గర్భసంచినే తీసేశాడు. ప్రాణం దక్కింది కానీ ఇక మలి కాన్పు ప్రసక్తే లేదు. ఆరేళ్లకు జర్మనీలో మాక్స్ జేంగర్ గర్భసంచి గోడను వెండి తీగతో, పట్టుదారంతో కుట్టే పద్ధతి తెచ్చాడు. ‘ఈసారి నార్మల్ అవుతుందా మేడమ్?’ అని అడగడానికి వీలు కలిగింది ఆ కుట్టుతోనే.

తీర్పు కాదు, హెచ్చరిక

‘ఒకసారి సిజేరియన్ అయితే ఎప్పుడూ సిజేరియనే’ అనే మాట 1916లో న్యూయార్క్ ప్రసూతి వైద్యుడు ఎడ్విన్ క్రాగిన్ రాసింది. మన ఇళ్లల్లో దాన్ని తీర్పులా వాడుతున్నాం. ఆయన రాసింది తోటి డాక్టర్లకు హెచ్చరికగా: మొదటి సిజేరియన్‌కు తొందరపడకండి, దాని బరువు ఆ తర్వాతి కాన్పులన్నిటి మీదా పడుతుంది అని. దీనికి మినహాయింపులు ఉన్నాయని ఆ వ్యాసంలోనే ఒప్పుకున్నాడు కూడా. వందేళ్లకు పైగా ఆ వాక్యం తిరిగింది, మినహాయింపు మాత్రం రాలిపోయింది.

అప్పటి కోత కూడా వేరు. గర్భసంచి పైభాగంలో, కండ దళసరిగా ఉండి నొప్పులప్పుడు గట్టిగా బిగుసుకునే చోట, నిలువుగా కోసేవారు. ఆ మచ్చ మీద మళ్లీ నొప్పులు రావడమంటే భయపడాల్సిన సంగతే. 1920ల్లో గ్లాస్గో వైద్యుడు జాన్ మన్రో కెర్ కింది భాగంలో అడ్డకోతను ప్రచారంలోకి తెచ్చాడు. అక్కడ గోడ పలచన; నొప్పులప్పుడు అది ముడుచుకోదు, సాగుతుంది. రక్తం తక్కువ పోతుంది, గాయం బాగా మానుతుంది. ఇవాళ జరిగే సిజేరియన్లలో నూటికి తొంభైకి పైగా ఈ అడ్డకోతే.

అన్ని ఎమర్జెన్సీలూ ఒకటి కావు

‘మా అమ్మాయికి ఎమర్జెన్సీ అయింది’ అంటే వినేవాళ్ల కళ్ల ముందు స్ట్రెచర్, పరుగులు మెదులుతాయి. నిజానికి ముందుగా తేదీ పెట్టుకోకుండా చేసిన సిజేరియన్లలో చాలావాటికి ఆ ముద్ర పడుతుంది. డాక్టర్లు తొందరను నాలుగు మెట్లుగా లెక్కేస్తారు. మొదటి మెట్టు, తల్లికో బిడ్డకో ఇప్పటికిప్పుడు ప్రాణాపాయం. నిర్ణయం తీసుకున్న 30 నిమిషాల్లోపు బిడ్డను బయటికి తీయడం లక్ష్యం. రెండో మెట్టులో ఇబ్బంది ఉంటుంది కానీ ప్రాణం మీదికి రాలేదు. మూడో దాంట్లో ఇబ్బంది ఇంకా మొదలవలేదు, ఆలస్యం చేయకూడదు, అంతే. నాలుగోది తీరికగా తేదీ పెట్టుకున్నది.

మలి కాన్పుకు పనికొచ్చే ప్రశ్న ఎంత హడావుడిగా చేశారన్నది కాదు, ఎందుకు చేశారన్నది. సిజేరియన్ తర్వాత అయ్యే మామూలు కాన్పును డాక్టర్లు పొట్టిగా ‘వీబ్యాక్’ అంటారు. అమెరికాలో పెద్ద ఆసుపత్రులు కలిసి చేసిన అధ్యయనంలో వేలమంది దీనికి ప్రయత్నిస్తే వందలో సుమారు 73 మందికి అది జరిగింది. కారణాల వారీగా చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. మొదటిసారి బిడ్డ ఎదురుకాళ్లతోనో అడ్డంగానో ఉండి కోసినవాళ్లలో దాదాపు 84 శాతం. బిడ్డ గుండె కొట్టుకోవడంలో తేడా వచ్చి కోసినవాళ్లలో 73. నొప్పులు వచ్చినా కాన్పు ముందుకు సాగక కోసినవాళ్లలో 64. అంటే ‘నీకు దారి ఇరుకమ్మా, బిడ్డ దిగలేదు’ అని చెప్పించుకున్నవాళ్లలో కూడా సగం కంటే చాలా ఎక్కువమందికి మలి కాన్పు మామూలుగా అయింది. ఈసారి బిడ్డ వేరు, తల తిరిగిన తీరు వేరు, ఒకసారి నొప్పులు ఎరిగిన ఒళ్లు వేరు. సిజేరియన్‌కు ముందో తర్వాతో ఒక్క మామూలు కాన్పు అయి ఉంటే అవకాశం 85 శాతం దాటుతుంది. ఏ స్కానింగూ ఇవ్వలేని భరోసా అది.

బీరువాలోని కవరు

మలి కాన్పుకు వెళ్లేటప్పుడు పట్టుచీరల కింద ఉన్న ఆ పాలిథిన్ కవరు తీసి చూడండి. స్కానింగ్ రిపోర్టులు, బిల్లులు, టీకాల కార్డు, అడుగున డిశ్చార్జ్ సమ్మరీ. అందులో చాలాసార్లు ‘ఎమర్జెన్సీ ఎల్‌ఎస్‌సీఎస్’ (కింది భాగంలో కోసిన సిజేరియన్) అని ఒక్క ముక్క, బిడ్డ బరువు, పుట్టిన సమయం ఉంటాయి. సమయం జాతకానికి సరిపోతుంది కానీ డాక్టరుకు చాలదు. డాక్టరుకు కావలసింది ఆపరేషన్ నోట్స్. కోసేనాటికి గర్భద్వారం ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకుంది, తల ఎంత కిందికి దిగింది, గర్భసంచి మీద కోత అడ్డమా నిలువా, బిడ్డను తీసేటప్పుడు కోత పక్కలకు చీలిందా, ఎలా కుట్టారు: ఇవన్నీ ఉండేది ఆ ఒక్క కాగితంలోనే.

పొట్ట మీద మచ్చ అడ్డంగా ఉంది కదా, లోపలా అంతే అనుకోవద్దు. చర్మం మీద కోత వేరు, గర్భసంచి మీద కోత వేరు. నెలలు బాగా తక్కువగా ఉన్నప్పుడు కింది భాగం ఇంకా ఏర్పడక, బయట అడ్డంగా కోసినా లోపల నిలువుగా కోయాల్సి రావచ్చు. లోపల పైభాగంలో నిలువుకోత పడినవాళ్లు మళ్లీ నొప్పులకు వెళ్లకూడదనే డాక్టర్లు చెబుతారు. గర్భసంచి ఇదివరకే ఒకసారి చిట్లినవాళ్లకూ అదే మాట.

ఇక్కడొక విచిత్రం. 2002 నాటి భారత వైద్య మండలి నిబంధనల ప్రకారం డాక్టరు ఇన్‌పేషెంట్ రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి 3 ఏళ్లు దాచాలి. అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. అడగడం రోగి హక్కు, బతిమాలడం అక్కర్లేదు. కానీ ఇద్దరు పిల్లల మధ్య మన ఇళ్లల్లో ఉండే ఎడం ఎంత? ఇంచుమించు ఆ మూడేళ్లే. కాగితం అవసరం పడే సమయానికి దాన్ని దాచాల్సిన గడువు తీరిపోవచ్చు. పైగా తొలి కాన్పు పుట్టింటి ఊళ్లో, మలి కాన్పు అత్తగారి ఊళ్లోనో ఉద్యోగం ఉన్న నగరంలోనో. పురుడు పోసిన డాక్టరు ఒకరు, నిర్ణయం చెప్పాల్సిన డాక్టరు మరొకరు. కాబట్టి డిశ్చార్జ్ రోజునే, మందుల చీటీతో పాటు, ఆపరేషన్ నోట్స్ నకలు అడిగి తీసుకోవడం మంచిది. కాన్పయిన అమ్మాయి ఇంకా కోలుకోని స్థితిలో ఉంటుంది గనక ఇది భర్తో తల్లో చేయాల్సిన పని.

అసలు భయం

పాత కుట్టు దగ్గర గర్భసంచి చిట్లడం. దీన్ని దాచి మాట్లాడడం తప్పు, దీన్నొక్కదాన్నే చూపించి బెదిరించడమూ తప్పు. బ్రిటన్‌లోని ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజ్ లెక్క ప్రకారం, ఒకసారి అడ్డకోత అయి మామూలు కాన్పుకు ప్రయత్నించినవాళ్లలో ఇది దాదాపు 200 మందిలో ఒకరికి. జరిగితే మాత్రం చిన్న విషయం కాదు. తల్లికి రక్తం బాగా పోవచ్చు, గర్భసంచి తీసేయాల్సి రావచ్చు, బిడ్డకు ఆక్సిజన్ అందకపోవచ్చు. అన్నీ కలిపి చూశాక, వీబ్యాక్‌లో బిడ్డకు ఉండే ప్రాణాపాయం తొలిచూలు నొప్పులకు వచ్చిన తల్లి బిడ్డకు ఉండేదానితో దాదాపు సమానమని అదే కాలేజ్ చెబుతుంది. తొలిచూలు అమ్మాయిని ఆ మాట చెప్పి ఎవరూ భయపెట్టరు.

చిట్లుతోందని ముందుగా చెప్పేది ఎక్కువసార్లు తల్లి నొప్పి కాదు, బిడ్డ గుండె. అందుకే నొప్పులు మొదలైనప్పటి నుంచి పొట్టకు రెండు బెల్టులు కట్టి, ఒకదానితో బిడ్డ గుండెను, రెండోదానితో నొప్పులను కాగితం మీద గీయిస్తూ ఉంటారు. రెండు నొప్పుల మధ్య విరామంలో కూడా తగ్గని నొప్పి, పాత కుట్టు దగ్గర కొత్తగా పోటు, రక్తం కనిపించడం, బాగా వస్తున్న నొప్పులు ఉన్నట్టుండి ఆగిపోవడం, కిందికి దిగిన తల మళ్లీ పైకి పోవడం: ఇవీ గుర్తులు. వెన్నులో ఎపిడ్యూరల్ మత్తు ఇస్తే ఈ గుర్తులు తెలియవని చాలామంది అంటారు. అందుకని ఎపిడ్యూరల్ మానాల్సిన పని లేదని అమెరికా ప్రసూతి వైద్యుల కాలేజ్ స్పష్టంగానే చెప్పింది.

వాటంతట అవి వస్తేనే మేలు

నొప్పులు తెప్పిస్తే చిట్లే ప్రమాదం రెండు మూడు రెట్లు పెరుగుతుంది, మళ్లీ సిజేరియన్ దాకా వెళ్లే అవకాశమూ పెరుగుతుంది. అన్ని పద్ధతులూ ఒకటి కావు. మిసోప్రోస్టాల్ మాత్రలు పాత సిజేరియన్ ఉన్నవాళ్లకు నెలలు నిండాక నొప్పుల కోసం వాడకూడదు. గర్భద్వారంలో బుడగ ఉన్న గొట్టం పెట్టి తెరిపించే పద్ధతి మందులకన్నా నయమని చెబుతారు. నొప్పులు పెంచే డ్రిప్ పెట్టాల్సి వస్తే పెద్ద డాక్టరు చూసి నిర్ణయించాలి. కాబట్టి ‘నార్మల్‌కే ట్రై చేద్దాం’ అని డాక్టరు అన్నప్పుడు సంతోషంతో లేచి రాకుండా, తేదీ దాటితే ఏం చేస్తారని కూడా అడగాలి.

గ్యాప్ ఎంత ఉండాలి? రెండు కాన్పుల మధ్య ఏడాదిన్నర కూడా లేకపోతే కుట్టు చిట్లే ప్రమాదం పెరుగుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. ఇక స్కానింగ్‌లో ‘కుట్టు ఇన్ని మిల్లీమీటర్లే ఉంది’ అని వచ్చే అంకె విషయానికొస్తే, ఇంతకు తగ్గితే వద్దు అని ప్రపంచమంతా ఒప్పుకున్న గీత ఏదీ లేదు.

పన్లోపని

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, దేశంలో అన్ని రాష్ట్రాల కన్నా ఎక్కువ. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం మీద 42.4. దేశం సగటు 21.5. ఇంత పెద్ద అంకెల్లో మొదటి సిజేరియన్ల వంతు ఎంతో, వాటి వెనకే వచ్చే రెండో సిజేరియన్ల వంతూ అంత ముఖ్యం. ఈ లెక్క తీయడానికి మైకేల్ రాబ్సన్ అనే వైద్యుడు 2001లో కాన్పులను పది గుంపులుగా విడగొట్టాడు. ఐదో గుంపు, ఇదివరకు సిజేరియన్ అయి ఇప్పుడు నెలలు నిండినవాళ్లది. చాలా దేశాల్లో మొత్తం సిజేరియన్లలో పెద్ద వాటా ఈ గుంపుదే.

డాక్టర్లనే అనుకుంటే సరిపోదు. మన దగ్గర దీనికి ఇంకో ముడి ఉంది. ఆంధ్రలో దాదాపు 70 శాతం, తెలంగాణలో 60 శాతం పైన పెళ్లయిన ఆడవాళ్లు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. ‘ఎలాగూ ఆపరేషన్ చేయించాలి, పన్లోపని కోసేస్తే ఒక్కసారితో పోతుంది’ అన్న అత్తగారి మాట ముందు వీబ్యాక్ నిలబడదు. ఆ మాటలో లెక్క లేదనలేం. పదే పదే కోస్తే వచ్చే పెద్ద ముప్పు మాయ పాత మచ్చకు అతుక్కుపోవడం. అది మూడో కాన్పు, నాలుగో కాన్పు ఉన్నవాళ్లకు ఎక్కువ. మాయ కిందికి ఉన్న గర్భిణుల్లో అది అతుక్కుపోయే అవకాశం మొదటి సిజేరియన్ అయితే 3 శాతం, రెండోదైతే 11, మూడోదైతే 40 అని ఒక పెద్ద అమెరికా అధ్యయనంలో తేలింది. ఇద్దరితో ఆపేసేవాళ్లకు ఆ మూడో అంకె వర్తించదు. ముగ్గురు కావాలనుకునేవాళ్లు మాత్రం రెండో కాన్పు నాడే దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. అయితే కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు (ట్యూబెక్టమీ) పొట్ట అంత కోయక్కర్లేదు. మామూలు కాన్పయిన కొద్ది రోజుల్లోనే బొడ్డు కింద చిన్న గాటుతో అవుతుంది. అత్తగారికి చెప్పాల్సింది ఈ సంగతి.

తేదీ పెట్టుకుని కోయించుకునే రెండో సిజేరియన్‌కు సాధారణంగా 39 వారాలు నిండాలంటారు. అంతకన్నా ముందు తీసిన బిడ్డకు ఊపిరి ఇబ్బందులు ఎక్కువ. పంచాంగంలో దివ్యమైన ముహూర్తం 37వ వారంలో పడితే, పుట్టిన నక్షత్రం బాగానే ఉంటుంది, మొదటి కొన్ని రోజులు మాత్రం అద్దాల పెట్టెలో గడవొచ్చు.

సముద్రం దాటితే

అమెరికాలో 1996లో పాత సిజేరియన్ ఉన్న తల్లుల్లో 28 శాతం మంది మామూలుగా కన్నారు. పదేళ్లు తిరిగేసరికి అది 8.5 శాతానికి పడిపోయింది. మధ్యలో, 1999లో, వీబ్యాక్ చేసే ఆసుపత్రిలో ఆపరేషన్ బృందం అప్పటికప్పుడు అందుబాటులో ఉండాలన్న సూచన వచ్చింది. అంత ఏర్పాటు లేని చిన్న ఆసుపత్రులు మేం చేయమని తలుపులు మూసేశాయి. 2010లో జాతీయ స్థాయి సమావేశం పెట్టి మళ్లీ తలుపులు తెరవమని చెప్పాల్సి వచ్చింది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో తొలి సిజేరియన్ అయి డాలస్‌లో మలి కాన్పుకు సిద్ధమవుతున్న మన అమ్మాయిలకు ఒక కబురు: పాత కోత ఏ రకమో కాగితం దొరకనంత మాత్రాన అక్కడి మార్గదర్శకాలు వీబ్యాక్ వద్దనవు, నిలువుకోత పడి ఉంటుందని గట్టి అనుమానం ఉంటే తప్ప. అక్కడి డాక్టర్లు అవకాశం లెక్కగట్టే ఆన్‌లైన్ కాలిక్యులేటర్‌లో 2021 దాకా తల్లి జాతి కూడా అడిగేవారు. దాన్నిప్పుడు తీసేశారు.

అడగాల్సినవి

ఆసుపత్రి ఎంపిక ఇక్కడ డాక్టరు ఎంపికంత ముఖ్యం. అర్ధరాత్రి రెండింటికి మత్తు డాక్టరు ఆసుపత్రిలో ఉంటారా, ఫోన్ చేస్తే ఇంటి నుంచి వస్తారా? రక్తం అక్కడే ఉంటుందా, ఊరి అవతలి బ్లడ్ బ్యాంకు నుంచి తేవాలా? పిల్లల డాక్టరు ఎంత దూరంలో ఉంటారు? ఒక్క డాక్టరే నడిపే నర్సింగ్ హోమ్‌లో ‘మా దగ్గర వద్దమ్మా, పెద్దాసుపత్రికి వెళ్లు’ అన్నారంటే అది చేతకానితనం కాదు, నిజాయితీ. ఇంటి దగ్గర కాన్పు ఆలోచన మాత్రం ఈ విషయంలో పెట్టుకోకూడదు.

కొందరు అన్నీ విని కూడా మళ్లీ ఆపరేషనే కావాలంటారు. మొదటిసారి ఆపరేషన్ థియేటర్ లైట్ల కింద పడ్డ భయం అంకెలతో పోదు. ప్రయత్నించి, చివర్లో కుదరక మళ్లీ ఎమర్జెన్సీ అయినవాళ్లకు ఇన్‌ఫెక్షన్, రక్తస్రావం లాంటివి తేదీ పెట్టుకుని కోయించుకున్నవాళ్లకన్నా ఎక్కువ అన్నదీ నిజమే. కాబట్టి అదీ సరైన నిర్ణయమే, ఆ మాట ఆమె నోటి నుంచి వచ్చినంతవరకు.

రెండుసార్లు సిజేరియన్ అయినవాళ్లకు దారి పూర్తిగా మూసుకుపోలేదు. అధ్యయనాలన్నీ కలిపి చూస్తే ప్రయత్నించినవాళ్లలో 71 శాతం మందికి మామూలు కాన్పు అయింది, కుట్టు చిట్లే ప్రమాదం మాత్రం 1.36 శాతం. అనుభవం ఉన్న పెద్ద కేంద్రాల్లో తప్ప దీనికి ఒప్పుకోరు, మిగతా చోట్ల ఒప్పుకోకపోవడమే మేలు.

చివరగా ఒకటి. 39 వారాలకు సిజేరియన్ తేదీ పెట్టుకున్నవాళ్లలో పదిమందిలో ఒకరికి ఆ తేదీ కన్నా ముందే నొప్పులు మొదలవుతాయి. అలా వస్తే ఏం చేయాలి, వెంటనే కోయాలా, కాన్పు ముందుకు సాగుతుంటే కాసేపు చూడాలా అన్నది ఆ రాత్రి డ్యూటీలో ఉన్న కొత్త డాక్టరు తేల్చుకోవాల్సిన విషయం కాదు. ఎనిమిదో నెలలోనే మీ డాక్టరుతో మాట్లాడి, కేస్ షీటులో రాయించుకోండి.